ఒక్క గీత నిలవాలంటే

చెప్పులు గుమ్మంలో వదిలేయండి, సాక్సులు మాత్రం విప్పకండి. డిసెంబర్లో మా గరాజు గచ్చు మంచుగడ్డలా ఉంటుంది. బయట వాన. ఇక్కడ బీవర్టన్‌లో వాన మన వానలాగా ఉరిమి, కురిసి, వెలిసిపోదు. అక్టోబర్లో దిగిన చుట్టంలా మాటా పలుకూ లేకుండా, వెళ్లే ఊసు ఎత్తకుండా కూర్చుంటుంది. నా కారు ఆ వానలో తడుస్తోంది. దాని చోట్లో ఈ బల్ల ఉంది. ఈ ఏర్పాటు మీద మా ఆవిడ అభిప్రాయం ఏమిటని ఆవిణ్ణి మాత్రం అడక్కండి.

ఆ ఎత్తు స్టూలు మీది. కూర్చోండి. మీ ఎదురుగా ఉన్నది టెక్ట్రానిక్స్ 564బి, స్టోరేజ్ ఆసిలోస్కోపు. పైన తెర, కింద పక్కపక్కనే రెండు ప్లగిన్ డబ్బాలు. ఎడమది వోల్టేజీని చూసుకుంటుంది, కుడిది కాలాన్ని. తెర మీద సెంటీమీటరుకో గడి, నిలువునా 8, అడ్డంగా 10. వేళ్లు చాపి అరచెయ్యి పెడితే తెర దాదాపు మూసుకుపోతుంది. ఇంత చిన్న కిటికీ కోసం ఇంత పెద్ద పెట్టె ఏమిటని మీరు అనుకుంటున్నారు కదూ. ట్యూబు మెడ వెనక దాకా ఉంది మరి. ముందున్నది గాజే, వెనకున్న గరాటు మాత్రం పింగాణీ.

పవర్ స్విచ్చి వేయండి. ట్రాన్స్‌ఫార్మరు గొంతు సవరించుకుంటుంది. కాసేపటికి వెచ్చబడ్డ దుమ్ము వాసన వస్తుంది. పాత రేడియో వెనక ముక్కు పెట్టిన వాళ్లకి ఆ వాసన తెలుసు. 20 నిమిషాలు వేడెక్కనివ్వాలి. ఈలోపు తెరని ముట్టుకోవద్దు.

ఎస్టేట్ సేల్‌లో దొరికింది ఇది. పోయిన వాళ్ల ఇంట్లో సామాను అమ్మకానికి పెడతారు ఇక్కడ. ఈ చుట్టుపక్కల అలాంటి ఇళ్లలో నాలుగింటికి ఒకదానిలో స్కోపు ఉంటుందని నా లెక్క. అది అనుభవం మీద వేసిన లెక్కే అనుకోండి, సర్వే కాదు. టెక్ట్రానిక్స్ 1946లో పోర్ట్‌లాండ్‌లో పుట్టి బీవర్టన్‌కి తరలివచ్చిన కంపెనీ. దాని ఆవరణలో రోడ్డు పేరు కార్ల్ బ్రౌన్ డ్రైవ్. 1897లో కాథోడ్ రే ట్యూబులో విద్యుత్తు ఊగడాన్ని కంటికి చూపించిన జర్మన్ ఆయన. పక్కనే రైలు స్టేషన్ మిల్లికన్ వే, ఎలక్ట్రాన్ మీద ఆవేశం ఎంతో తూచినాయన పేరు. హిల్స్‌బరోలో ఇంటెల్ పుణ్యమా అని మనవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. రోజూ ఆ స్టేషన్ మీదుగా ఆఫీసులకి వెళ్తూ ఆ పేరు వింటారు. ఎలక్ట్రాన్ గుర్తొచ్చేది ఎందరికో మరి.

సరే, వేడెక్కింది. లైటు ఆర్పేస్తున్నాను.

చీకటికి మీ కళ్లు అలవాటు పడేదాకా ఆగండి. కుడి చేత్తో ఇంటెన్సిటీ నాబ్ పట్టుకోండి. పూర్తిగా ఎడమకి తిప్పి ఉందో లేదో చూసుకోండి. ఉంది. స్టోర్ స్విచ్చిలు రెండూ కూడా నాన్-స్టోర్‌లోనే ఉన్నాయి. అంటే ఇప్పటికి ఇది మామూలు స్కోపు. జ్ఞాపకశక్తి నిద్రపోతోంది. ఇప్పుడు ఇంటెన్సిటీ మెల్లిగా కుడికి. ఇంకాస్త. ఇంకాస్త. ఆగండి. మధ్య గడి మీద పచ్చటి చుక్క ఒకటి ఎడమ నుంచి కుడికి పాకుతోంది, చూశారా? గడికి అర సెకను పెట్టాను, మీకు దాని నడక తెలియాలని. గోడ మీద మిణుగురు నడిచినట్టు ఉంటుంది. దాని వెనక ఏమీ మిగలదు. అది దాటిన మరుక్షణం అక్కడంతా చీకటే.

ఫోకస్ తిప్పండి. చుక్క బియ్యపుగింజంత అయ్యి, మళ్లీ ఆవగింజంతకి తగ్గుతుంది. ఆస్టిగ్మాటిజం కూడా తిప్పుతూ, రెండిటినీ మార్చి మార్చి సర్దుకుంటే చుక్క గుండ్రంగా నిలుస్తుంది. ఈ సర్దుళ్లన్నీ నాన్-స్టోర్‌లో ఉండగానే చేసుకోవాలి. స్టోర్‌లో పెట్టి ఫోకస్ తిప్పారా, మీరు తిప్పిన ప్రతి తప్పూ తెర మీద అచ్చుపడుతుంది. రాయబోయే ముందు పాళీ చూసుకున్నట్టు అన్నమాట.

చెయ్యి నాబ్ మీదే ఉంచండి, ఒక సంగతి చెబుతాను. 1980ల్లో హైదరాబాదులో ఒక ల్యాబులో ట్రైనీగా చేరాను. పేరెందుకులెండి, తప్పు నాది. అక్కడ స్టోరేజ్ స్కోపు ఒక్కటే ఉండేది. బీరువాలో నగలకి ఇచ్చినంత మర్యాద దానికి. ఒకరోజు ఎక్స్-వై పద్ధతిలో ఏదో కొలుస్తున్నాను. అందులో అడ్డంగా నడిపించే స్వీపు ఉండదు. సిగ్నల్ తీసేస్తే చుక్క ఉన్నచోటే కదలకుండా నిలబడుతుంది. సిగ్నల్ తీసేశాను, ఇంటెన్సిటీ తగ్గించలేదు. క్యారియర్ పట్టుకుని భోజనానికి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి మా సీనియర్ సారు స్కోపు ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏమయ్యా, భోంచేశావా?"

"చేశాను సార్."

"అదీ చేసింది. చూడు."

తెర మధ్యకి కాస్త ఎడంగా గోధుమరంగు మచ్చ. పప్పుబద్ద కన్నా చిన్నదే. ఆ చోట ఫాస్ఫరు మాడిపోయింది. ఇక అక్కడ వెలుగూ లేదు, జ్ఞాపకమూ లేదు. సారు అరవలేదు. అరిచినా బాగుండేది. ఆ తర్వాత ఎవరు ఆ స్కోపు ముందు కూర్చున్నా, "ఆ పుట్టుమచ్చకి రెండు గడులు కుడివైపు చూడు" అనేవారు. నా ఎదురుగా, నా పేరు ఎత్తకుండా. నేను ఆ ల్యాబు వదిలేనాటికి కూడా మచ్చ అక్కడే ఉంది.

అందుకే మీ చేతిని నాబ్ మీద ఉంచమన్నాను. స్టోరేజ్ ట్యూబుకి వెలుగు ఖర్చు. మామూలు స్కోపులో గీత కనపడకపోతే ఇంటెన్సిటీ పెంచడం అలవాటు. ఇక్కడ మిగతావన్నీ చేసి చూశాకే దాని జోలికి పోవాలి.

ఇప్పుడు పై సగానికి స్టోర్ వేయండి.

కంగారు పడకండి. తెర పై సగం ఒక్కసారిగా పచ్చపచ్చగా, అక్కడక్కడా మరకలతో లేచింది. నిద్ర లేపితే ఇలాగే లేస్తుంది. పై ఎరేజ్ నొక్కండి. గప్పుమని మొత్తం వెలిగి, నల్లబడి, మళ్లీ నెమ్మదిగా తేరుకుంటుంది. రెప్పపాటు పని. ఇప్పుడు శుభ్రంగా ఉంది కదా? శుభ్రంగా అంటే నల్లగా కాదు. కింది సగంతో పోల్చి చూడండి. పై సగం మీద పలచటి పచ్చ పొగమంచు పరుచుకుని ఉంది. అది పోదు, పోగొట్టాలని చూడకండి కూడా. ట్యూబు మెలకువగా ఉందనడానికి అదే గుర్తు.

ఆ పొగమంచు ఎక్కడిదంటే, ఈ ట్యూబులో గీత గీసే ఎలక్ట్రాన్ గన్ ఒక్కటే కాదు ఉన్నది. ఫ్లడ్ గన్‌లని వేరే ఉన్నాయి. పేరుకి తగ్గట్టే అవి సన్నగా గురిపెట్టి కొట్టవు. నెమ్మదిగా కదిలే ఎలక్ట్రాన్లని తెరంతటి మీదా వరదలా వదులుతుంటాయి. ఫాస్ఫరు కణం మీద ఎలక్ట్రాన్ పడితే రెండు రకాలుగా జరగొచ్చు. నెమ్మదిగా వచ్చి పడితే అతుక్కుంటుంది. వేగంగా వచ్చి కొడితే ఒకటి పడి ఒకటికన్నా ఎక్కువే ఎగిరిపోతాయి. కణం పోగొట్టుకున్నకొద్దీ దాని వోల్టేజీ పెరుగుతుంది. పెరిగినకొద్దీ వరద ఎలక్ట్రాన్లు ఇంకా వేగంగా వచ్చి కొడతాయి. అలా అలా పైకెక్కి ఒకచోట ఆగుతుంది. అక్కడ నిలబడి వెలుగుతూనే ఉంటుంది. రాయని చోట కథ తిరగబడుతుంది. ఎలక్ట్రాన్లు అతుక్కుని వోల్టేజీ దిగుతుంది. దిగేసరికి వరద అక్కడ దిగడమే మానేస్తుంది. చీకటి.

పొలం గట్టు మీద చినుకు పడిందనుకోండి. ఇటు జారితే మీ మడి, అటు జారితే పక్కవాడి మడి. గట్టు మీద నిలిచి ఉండే నీళ్లు ఉండవు. ఈ తెర మీద ప్రతి చోటా అలాంటి గట్టు ఒకటుంది. గీత గీసే గన్ చేసే పని ఇంతే. వేల వోల్టుల వేగంతో వచ్చి, తాను వెళ్లిన దారిలో ఉన్న కణాలని గట్టు దాటించి వెళ్లిపోతుంది. తర్వాత వాటిని అటువైపే ఉంచే బాధ్యత వరదది. గీసినవాడు ఎప్పుడో వెళ్లిపోయాడు, వెలుగు ఇస్తున్నది వేరేవాళ్లు.

ఈ కిటుకు పట్టినాయన రాబర్ట్ ఆండర్సన్, ఇక్కడే టెక్ట్రానిక్స్‌లో. జ్ఞాపకం ఉంచుకునే ట్యూబులు అంతకు ముందూ ఉన్నాయి. అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో ఆండ్రూ హేఫ్ 1947లోనే ఒకటి చూపించాడు. 1950ల్లో హ్యూస్ వాళ్లు మెమోస్కోప్ అమ్మారు. కానీ మెమోస్కోప్‌లో జ్ఞాపకం ఉండేది తెర వెనక సన్నటి లోహపు జల్లెడ మీద. అది సుకుమారం, ఖరీదు. ఆండర్సన్ ఆ జల్లెడ తీసి అవతల పారేశాడు. వెలిగే ఫాస్ఫరే గుర్తు పెట్టుకోవచ్చు కదా అన్నాడు. 1960ల మొదట్లో వచ్చిన 564 ఆయన ట్యూబు మీద కట్టినదే. మీ ముందున్నది దాని తమ్ముడు.

ఇక అసలు పని. ఇదిగో, కారులో వాడే 12 వోల్టుల రిలే. దీనికి కరెంటు ఇస్తే లోపల రేకు "టిక్" మని అతుక్కుంటుంది. చెవికి ఒకటే టిక్. నిజానికి రేకు ఒకసారి తాకి, ఎగిరి, మళ్లీ తాకి, ఎగిరి, చివరికి కుదురుకుంటుంది. గచ్చు మీద జారవిడిచిన కంచం లాగే, కాకపోతే ఆ గలగల అంతా ఒకటి రెండు మిల్లీసెకన్లలో అయిపోతుంది. 9 వోల్టుల బ్యాటరీని ఒక రెసిస్టరు గుండా ఆ కాంటాక్టులకి కలిపాను. రేకు తాకితే గీత పైకి, వదిలితే కిందికి.

జరిగేది ఒక్కసారే. స్కోపులో మామూలుగా చూసేవన్నీ పదేపదే వచ్చేవి. అవి ఒకదాని మీద ఒకటి పడి, మన కంటికి నిలకడగా కనపడతాయి. ఒక్కసారి వచ్చిపోయే దాన్ని చూడాలంటే, ఇలాంటి ట్యూబు చేతికి రాకముందు, తెర ముందు పోలరాయిడ్ కెమెరా బిగించేవాళ్లు. గదిలో లైటు ఆర్పి, షట్టరు తెరిచి, రిలే నొక్కి, షట్టరు మూసి, ఫిల్ము లాగి, సెకన్లు లెక్కపెట్టి, తోలు ఊడదీసి చూస్తే, ట్రిగ్గరు తగల్లేదు. మళ్లీ మొదటికి. మా ల్యాబులో ఫిల్ము దిగుమతి సరుకు. ఒక్కో ముక్కకి రిజిస్టర్లో సంతకం. ఫోటో వెలిసిపోకుండా పైన పూసే ద్రావకానికి వెనిగర్ లాంటి ఘాటైన వాసన ఉండేది. ఇప్పటికీ ఆ వాసన తగిలితే నాకు సంతకం పెట్టాలనిపిస్తుంది.

ఎడమ ప్లగిన్ గడికి 5 వోల్టులు. కుడి ప్లగిన్ గడికి అర మిల్లీసెకను. స్వీపు సింగిల్‌కి మార్చండి. ఇక నుంచి బీము ఒక్కసారే నడుస్తుంది. మళ్లీ నడవాలంటే రీసెట్ నొక్కాలి. అరె, గీత మాయమైపోయింది కదా! అది ట్రిగ్గరు కోసం, అంటే స్వీపుని కదిలించే సిగ్నల్ కోసం, కాచుకుని ఉంది. మరి గీత ఏ ఎత్తులో పడుతుందో, పై సగంలో ఉంటుందో బయటికి పోతుందో ఎలా తెలుస్తుంది? తెలుసుకోవడానికి ఒక స్వీపు వదిలారో, ఆ స్వీపు అచ్చయిపోతుంది.

దానికే లొకేట్ బటన్. నొక్కి పట్టుకోండి. తెర ఎడమ అంచున, గళ్లకి బయట, చుక్క కనిపించిందా? ఆ సందు జ్ఞాపకం లేని చోటు. అక్కడ ఏం పడ్డా నిలవదు. ఇప్పుడు వెర్టికల్ పొజిషన్ తిప్పి చుక్కని మధ్యగీతకి ఒక గడి పైకి తెచ్చుకోండి. వదిలేయండి. ఈ యంత్రం చేసిన వాళ్ల మీద నాకు గౌరవం కలిగేది గొప్ప గొప్ప హంగుల దగ్గర కాదు, ఇక్కడ. గోడకి సున్నం కొట్టేవాడు మూలన ఒక జానెడు చోట రంగు చూసుకున్నట్టు, తప్పు చేసుకోవడానికి ఒక జానెడు చోటు వదిలారు.

ఎరేజ్. రీసెట్. రెడీ దీపం నారింజరంగులో వెలిగింది. మీ ఎడమచేతికి రిలే స్విచ్చి ఇస్తున్నాను. నొక్కండి.

టిక్.

దీపం ఆరింది. తెర మీద, ముందుకి వంగి చూడండి, ఏదో ఉంది. నాలుగైదు తునకలు. వర్షం వెలిశాక చూరు కింద తడి ఆరీ ఆరని మచ్చల్లా. చెప్పానుగా, ఇంటెన్సిటీ చాలా తగ్గించి ఉంచాం. బీము వెళ్లింది గానీ కణాలని గట్టు దాటించలేకపోయింది. కొన్నిచోట్ల దాటించింది, కొన్నిచోట్ల అంచుదాకా తోసి వదిలేసింది. అలా వదిలేసినవి వెనక్కి జారిపోయాయి.

ఎరేజ్. ఇంటెన్సిటీ కాస్త కుడికి. మీరు మరీ ఎక్కువ తిప్పారు, ఫర్వాలేదు, ఇది కూడా చూడాలి. రీసెట్. నొక్కండి. టిక్. ఇప్పుడు గీత అంతా పడింది, కానీ ఎంత లావుగా ఉందో చూడండి. అంచులు పక్కకి పాకి, ముగ్గుపిండి తడిసినట్టు ఉబ్బాయి. ఏ మెట్టు ఎక్కడ మొదలైందో తెలియట్లేదు. ఇందాక ఆకలి, ఇప్పుడు అజీర్తి. ఎరేజ్. సగానికి సగం వెనక్కి. రీసెట్. ఒక్క ఊపిరి తీసుకోండి. నొక్కండి.

టిక్.

అదీ.

ఇప్పుడు చేతులు తీసేయండి, ఏమీ ముట్టుకోకండి. సన్నటి, గట్టి పచ్చగీత. కదలదు. ఆరిపోదు. మీరు స్విచ్చి నొక్కిన ఆ క్షణం గడిచిపోయి అర నిమిషం అయ్యింది, అది మాత్రం అక్కడే ఉంది. మొదటిసారి చూసినప్పుడు నేను పక్కన ఎవరైనా ఉన్నారా అని చుట్టూ చూసుకున్నాను, చూపించాలని.

ఎడమ నుంచి చదవండి. మొదట పైన ఒక చిన్న గడప, గడిలో అయిదో వంతు. అంటే రేకు తాకి, గడికి అర మిల్లీసెకను కాబట్టి, మిల్లీసెకనులో పదో వంతు సేపు నిలిచింది. తర్వాత కింద పొడుగాటి గీత, గడిన్నర. ఎగిరింది. మళ్లీ పైన ఒక గడప. మళ్లీ కింద, ఈసారి పొట్టిగా. ఎగిరిన ప్రతిసారీ ముందటికన్నా తక్కువసేపు. చివరకి పైన గీత అంచుదాకా సాగిపోయింది. కుదురుకుంది. చెవికి వినిపించిన ఒక్క టిక్‌లో మూడు తాకుళ్లు.

ఒక వింత గమనించారా? పై గీతలకీ కింది గీతలకీ మధ్య నిలువు గీతలు లేవు. గడపలు గాలిలో తేలుతున్నట్టున్నాయి. ఎవరో మెట్లు కట్టి నిలువు పలకలు బిగించడం మరిచిపోయినట్టు. బొమ్మలో లోపం కాదు అది, లెక్క. అడ్డంగా వెళ్లేటప్పుడు బీము మిల్లీసెకనుకి రెండు సెంటీమీటర్లే నడుస్తోంది. ప్రతి కణం దగ్గరా తీరిగ్గా ఆగి పలకరిస్తోంది. పైకెగిరేటప్పుడు ఆ ఒకటీ రెండు సెంటీమీటర్లని మైక్రోసెకను కూడా పట్టకుండా దాటేస్తుంది. అంటే మిల్లీసెకనుకి వేల సెంటీమీటర్ల వేగం. ఈ ట్యూబు రాయగలిగింది వందల లెక్కలో. అంత వేగంగా పోయేవాళ్లు దీనికి గుర్తుండరు.

కాస్త గుర్తుండేలా చేయొచ్చు, అదే ఎన్హాన్స్. ఈ గీతని అలాగే ఉంచి, కింది సగంలో చేద్దాం. తెరని మధ్యకి రెండుగా కోసి, దేనికి దానికి స్టోరూ ఎరేజూ వేరుగా పెట్టారు, అందుకే. కింది స్టోర్ వేయండి. కింది ఎరేజ్ మాత్రమే నొక్కండి. పైది నొక్కారో, మీ గీత పోతుంది. కింది సగం గప్పుమంది. పై సగం చలించలేదు. లొకేట్ నొక్కి చుక్కని కిందికి దించుకోండి.

ఈసారి రెండో రిలే. పాత కారులోంచి తీసింది, ఏళ్ల తరబడి హారన్ మోగించి అలిసిపోయినది. స్వీపు గడికి అయిదో వంతు మిల్లీసెకనుకి పెంచాను. బీము వేగం రెండున్నర రెట్లయింది. ఇంటెన్సిటీ జోలికి పోవద్దు. ఎన్హాన్స్ వేసి, దాని నాబ్‌ని సగం దాకా తెండి. ఇది చేసేదేమిటంటే, స్వీపు నడిచే ఆ కాస్తసేపూ తెర మొత్తాన్ని గట్టు అంచుదాకా ఎత్తి పట్టుకుంటుంది. బీము చిటికెన వేలితో తోసినా అటుపడిపోయేలా. రీసెట్. నొక్కండి.

టిక్.

గీత వచ్చింది. రెండుచోట్ల నిలువు పలకల తాలూకు లీలగా ఆనవాళ్లు కూడా వచ్చాయి. కానీ కుడి అంచు చూడండి. బీము అటు వెళ్లనే లేదు, అయినా అక్కడ నాలుగు పచ్చటి మచ్చలు. ఎత్తి పట్టుకోవడం ఎక్కువైంది. ఎవరూ తోయకుండానే కొన్ని కణాలు గట్టు దాటేశాయి. ఎన్హాన్స్ ఎంత పెంచితే అంత సన్నటి సంగతులు పట్టుబడతాయి, దానితోపాటే జరగనివి కూడా. నేను ఒకసారి ఇలాంటి మచ్చని సిగ్నల్ అనుకుని రెండు రోజులు దాని వెనక తిరిగాను. అందుకే చెబుతున్నా, అనుమానం వస్తే అదే సెట్టింగులో రిలే నొక్కకుండా ఒక స్వీపు వదిలి చూడండి. అప్పుడూ మచ్చ వస్తే అది ట్యూబు చెప్పే అబద్ధం.

కొద్దిగా తగ్గించి మళ్లీ చేయండి. బాగుంది. ఇప్పుడు పైనా కిందా కలిపి చూడండి. కింది రిలే స్వీపు రెండున్నర రెట్లు వేగం అని మరవకండి, గళ్లని గళ్లతో పోల్చకూడదు, కాలంతో పోల్చాలి. అయినా తేడా తెలిసిపోతోంది. కొత్త రిలేలో గడపలు శుభ్రంగా ఉన్నాయి. పాతదానిలో గడప మీద కూడా వణుకుంది. రేకు తాకి ఉన్నప్పుడూ సరిగ్గా తాకలేదు, కాంటాక్టు ముఖం గుంటలు పడింది. ఒక తెర మీద, ఒకే చూపులో, ఇవాళ్టి రిలే, ఏనాటిదో రిలే. ఇప్పటి డిజిటల్ స్కోపు ఇంకా ఎన్నో చేస్తుంది. ట్రిగ్గరు రాకముందు ఏం జరిగిందో కూడా చూపిస్తుంది. నా ఆఫీసులో రోజూ దానితోనే పని, దాన్ని తక్కువ చేస్తే కళ్లు పోతాయి. కానీ అది ముందు అంతా మింగేసి తర్వాత వెతుక్కోనిస్తుంది. ఇది, ఏం జరగబోతోందో, ఎంత వేగంగా జరగబోతోందో, ఎక్కడ పడబోతోందో మీరు ముందే ఊహించి చెబితే తప్ప కళ్లు తెరవదు. మూడో ప్రయత్నానికి మీ చేతికి వచ్చింది ఆ ఊహే.

స్టోరేజ్ స్కోపులన్నీ ఇంత మొండివి కావు. 1960ల మధ్యలో హ్యూలెట్-ప్యాకర్డ్ వాళ్లు 141ఎ తెచ్చారు. అందులో పెర్సిస్టెన్స్ అని ఒక నాబ్ ఉంటుంది. అది జల్లెడ తరహా ట్యూబు. జల్లెడ మీది రాతని చిన్నచిన్న పల్సులతో కొంచెం కొంచెంగా చెరుపుతూ ఉంటుంది. నాబ్ ఒక చివర పెడితే గీత క్షణంలో పోతుంది. రెండో చివర పెడితే ఎండలో గచ్చు మీద తడి పాదాల్లా, వెనకవి ఆరుతూ, ముందువి తడిగా ఉంటూ సాగుతుంది. లేతా ముదురూ ఛాయలు కూడా కనిపిస్తాయి. 564లో అవేమీ లేవు, ఉంటే ఉంది, లేకపోతే లేదు. కానీ జల్లెడ ట్యూబులో ఎక్కువసేపు చూస్తూ కూర్చుంటే చీకటిచోట్లు తెల్లవారినట్టు తేలిపోయి, గీత వెలుగులోనే మునిగిపోతుంది. అది పోయేది మసకబారి కాదు, చుట్టూ వెలుతురు ఎక్కువై. ఏది మేలని నన్నడిగితే, నెమ్మదిగా మారే వాటికి అది, ఒక్కసారి వచ్చిపోయే వాటికి ఇది.

మీ గీత పడి నలభై నిమిషాలైంది. మాటల్లో తెలియలేదు. ఒక గంటకి మించి ఒకే బొమ్మని నిలపవద్దని ఈ యంత్రంతో వచ్చిన పుస్తకంలోనే ఉంది. అంతకన్నా నిలిపితే చెరిపినా చెరగదు. వరద ఆగకుండా అదే చోట కురిసి కురిసి, ఆ చోటికి అలవాటు పడిపోతుంది. పై ఎరేజ్ నొక్కండి. గప్పుమంది. ఇప్పుడు తెరకి దగ్గరగా రండి, ఊపిరి గాజు మీద పడనివ్వకండి. పొగమంచులో, మీ గడపలు ఉన్నచోటే, లీలగా... ఉన్నాయి కదూ? మరోసారి నొక్కండి. ఇంకోసారి.

పోయాయి. కింది బొమ్మని మాత్రం ఇంకాస్త ఉంచుదాం, దాని వణుకు నేను కాగితం మీద వేసుకోవాలి.

లోపల్నించి పిలుస్తున్నారు, టీ అయిందట. పదండి, చల్లారిపోతుంది. నేను లైటు వేసేలోపు మీరు స్టూలు వెనక్కి జరిపి లేచారు. లేస్తూ లేస్తూ, నేను చెప్పకుండానే, మీ కుడిచెయ్యి ఇంటెన్సిటీ నాబ్‌ని ఎడమకి, చివరిదాకా తిప్పేసింది.